పాత కంప్యూటర్‌కు పాడె కట్టకండి

మా వీధి చివర మాస్టారింట్లో కంప్యూటర్ పోయిందని కబురొస్తే వెళ్లాను. పోయిందంటే దొంగలెత్తుకెళ్లారని కాదు, ప్రాణం పోయిందని. మాస్టారు దాని పక్కనే పీట వేసుకుని, పరామర్శకు వచ్చినవాళ్లకు చెప్పినట్టే చెప్పారు: "బోర్డు పోయిందటయ్యా. రిపేరుకు పెట్టే డబ్బు దండగట. ఎలాగూ విండోస్ పదికి కాలం చెల్లింది, కొత్తది తీసుకోండి సార్ అన్నాడు వచ్చిన కుర్రాడు. డాలస్ నుంచి మావాడిదీ అదే మాట. ఎనభై అయిదు వేల లాప్‌టాప్ ఏదో చూసిపెట్టాడు."

డబ్బా పక్క రేకు విప్పాను. ఫ్యాను రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుపోయింది. ర్యామ్ ముక్కలు రెండూ పీకి, మాస్టారి మనవరాలి పెన్సిల్ పెట్టెలో రబ్బరు అడిగి తీసుకుని, వాటి బంగారు పళ్లను రుద్ది మళ్లీ గాడిలో నొక్కాను. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే సిస్టమ్‌కు తేదీ గుర్తుండదు. తేదీ తప్పితే బ్యాంకు సైటు దగ్గర్నుంచి ఏదీ సరిగ్గా తెరుచుకోదు. కిరాణా కొట్లో కొత్తది తెప్పించి వేశాను. స్విచ్ నొక్కితే 'బీప్' అని లేచి కూర్చుంది. ఖర్చు నలభై రూపాయలు.

ఎనభై అయిదు వేలు ఎక్కడ, నలభై రూపాయలు ఎక్కడ! ఆ మధ్యలో ఎంతమంది కూర్చుని భోంచేస్తున్నారో చూపించడానికే ఇది రాస్తున్నాను. ఆ కుర్రాడి మీద నాకేమీ కోపం లేదు. నెలకిన్ని అమ్మాలని వాడి మెడ మీద ఎవడో కత్తి పెట్టి ఉంటాడు. నా కోపం, బతికున్నదాన్ని చచ్చిందని రాసిచ్చే పెద్దల మీద. ఆ కాగితం చూసి ఏడవడమే తప్ప నాడి పట్టుకుని చూడని మన మీద కూడా.

ముందు ఆ 'కాలం చెల్లింది' సంగతి తేలుద్దాం. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ మనిషే ఒకాయన వేదికెక్కి ఇదే ఆఖరి విండోస్ అని చెప్పాడు. ఆరేళ్లు తిరగ్గానే, 2021 అక్టోబర్‌లో, పదకొండు దిగింది. 2025 అక్టోబర్ 14న పదికి నీళ్లు వదిలేశారు. పదకొండు వేసుకోవడానికి ఏం కావాలట? ఒక గిగాహెర్ట్జ్ వేగం, రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. మాస్టారి సిస్టమ్ 2017లో కొన్నది. 3 గిగాహెర్ట్జ్ వేగంతో నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. టీపీఎం సైతం లోపలే ఉంది, బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయడమే తరువాయి. అడిగినవన్నీ ఉన్నాయి, కొన్ని రెట్టింపు కూడా ఉన్నాయి. అయినా గుమ్మం దాటనివ్వరు. ఎందుకంటే అది ఐ5-7400, ఇంటెల్ ఏడో తరం. వాళ్ల జాబితా ఎనిమిదో తరంతో మొదలవుతుంది.

సరే, పాతది కదా, పోనీ అనుకుందాం. కానీ అదే జాబితాలో సెలెరాన్ ఎన్4020 అనేది ఒకటుంది. రెండే కోర్లు, మామూలు వేగం 1.1 గిగాహెర్ట్జ్. చవక లాప్‌టాప్‌లలో పెట్టి అమ్మారు. నాలుగు పేజీలు ఒకేసారి తెరిస్తే ఆయాసపడే ప్రాణి అది. దానికి పదకొండు ఎక్కే అర్హత ఉంది, ఐ5కి లేదు! కుంటి గుర్రాన్ని పందెంలోకి పిలిచి, పరుగెత్తే గుర్రాన్ని పుట్టిన సంవత్సరం చూసి కబేళాకు తోలడం కాదా ఇది? ఇంకో ముచ్చట వినండి. ఏడో తరాన్నంతా బయట నిలబెట్టిన ఈ పెద్దమనుషులే, తాము తయారుచేసి అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న ఏడో తరం ఐ7-7820హెచ్‌క్యూను మాత్రం తర్వాత పెరటి తలుపు తీసి లోపలికి పిలుచుకున్నారు. ఇంటి అల్లుడికో నీతి, ఊరివాడికో నీతి.

భద్రత కోసమే ఈ కట్టడి అని కంపెనీ అంటుంది. అదంతా అబద్ధమని నేననను. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం తలుపు తీసిపెట్టి పడుకోవడమే. కానీ ఆ అప్‌డేట్లు ఇవ్వడం వాళ్ల చేతకాని పనేం కాదు. 2026 అక్టోబర్ 13 దాకా ఇళ్లలో వాడుకునేవాళ్లకు వాటిని ఇస్తామని ఒప్పుకున్నారు కదా! మైక్రోసాఫ్ట్ ఖాతాలో సెట్టింగులు దాచుకుంటే ఊరికే ఇస్తారట, లేకపోతే ముప్ఫై డాలర్లు కట్టాలట. యూరప్‌లో వినియోగదారుల సంఘం నిలదీసేసరికి అక్కడివాళ్లకు ఆ షరతులు సడలించారు. మన దగ్గర నిలదీసినవాళ్లెవరూ నా కంటపడలేదు, సడలించినవాళ్లూ లేరు. ఇక్కడ మనం చేసిందల్లా తెర మీద నీలం బొమ్మ వచ్చి 'మీ పీసీకి అర్హత లేదు' అంటే, అవమానపడి కొట్టుకు పరుగెత్తడం.

కొట్టుకు వెళ్తే ఏమవుతుందో చూద్దాం. నేను చాలాసార్లు వెళ్లాను, తెలిసినవాళ్లకు తోడుగా. మెట్లెక్కగానే మొదటి మాట "బడ్జెట్ ఎంత సార్?" రెండో మాట "ఐ5 చూపించనా, ఐ7 చూపించనా?" బట్టల కొట్లో అయినా ముందు ఎవరికి, ఏ శుభకార్యానికి అని అడుగుతారు. ఇక్కడ "ఇంట్లో దేనికి వాడతారు?" అని అడిగినవాడు నాకింతవరకూ తగల్లేదు. అడిగితే బేరం చెడుతుంది మరి. మాస్టారు ఏం చేస్తారు? శతకాలకు వ్యాఖ్యానం తెలుగులో టైపు చేసుకుంటారు. పొద్దున ప్రవచనం, సాయంత్రం పాత సినిమా యూట్యూబ్‌లో చూస్తారు. కరెంటు బిల్లు కడతారు. రేపల్లె దగ్గర ఉన్న ఎకరంన్నరకు మీభూమి సైట్లో అడంగల్ తీస్తారు. ఆదివారం కొడుకుతో వీడియోలో మాట్లాడతారు. ఏటా పింఛను లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లోనే ముఖం చూపించి పంపేస్తారు, దానికి కంప్యూటర్ అక్కర్లేదు కూడా. ఈ పనులకు ఎనభై అయిదు వేలా? కరివేపాకు కోయడానికి గొడ్డలి ఎందుకండీ?

ఆ ఐ7 అనే మాట మన ఇళ్లల్లో చేసిన దోపిడీ అంతా ఇంతా కాదు. ఇప్పటికీ మార్కెట్లో 'కొత్త అసెంబుల్డ్ ఐ7' పేరుతో చవగ్గా ఒక డబ్బా అమ్ముతున్నారు. ముందు గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు, పెళ్లి పందిరిలా ఉంటుంది. పిల్లలు చూసి వదలరు. లోపలుండేది హెచ్61 అనే బోర్డు. దాని మూలమైన చిప్‌సెట్ 2011 నాటిది. బోర్డు మాత్రం చైనాలో కొత్తగా తయారై వస్తుంది కాబట్టి 'కొత్తది' అన్న మాట అబద్ధం కాదు! దాని మీద కూర్చునే ప్రాసెసర్ ఎవరో వాడి పారేసిన రెండో తరం ఐ7-2600. అదీ 2011దే. నిజంగా ఐ7నే, కాదనలేం. కానీ అది తాగే కరెంటు 95 వాట్ల లెక్క. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 అనే చిన్న చిప్ 6 వాట్ల లెక్కతో ఇంచుమించు ఆ పనే చేస్తుంది. పేరులో ఐ7 లేదు, కోర్ అన్న మాట కూడా లేదు, అందుకని అమ్మేవాడు దాన్ని అద్దాల బీరువాలో పెట్టడు. మాస్టారి ఐ5ని అర్హత లేదని ఇంటికి పంపేసి, దానికంటే ఆరేళ్లు పెద్దదైన ముసలిదానికి రంగేసి కొత్త పెళ్లికూతురని కూర్చోబెడుతున్నారు.

అంకెలు చదవడం రాకపోవడమే మన కొంప ముంచుతోంది. ఐ5-8500 అని ఉంటే గీత తర్వాత మొదటి అంకె ఎనిమిది, అది ఎనిమిదో తరం. 12400 అని అయిదంకెలుంటే మొదటి రెండూ కలిపి పన్నెండో తరం. ఇంతే విద్య. జనం ఇది నేర్చుకునేలోపే ఇంటెల్ 2023 చివర పేర్లు మార్చి 'కోర్ అల్ట్రా' అంది. ఏఎండీ సంగతి ఇంకా ఘోరం. రైజెన్ 5 7520యూ అంటే ఏడు చూసి కొత్తదనుకుంటాం. అసలు సంగతి మూడో అంకెలో ఉంది. అక్కడ రెండు ఉంటే లోపలున్నది జెన్ 2, అంటే 2019 నాటి నిర్మాణం. 2022లో దానికి కొత్త అంకె తగిలించి బజారుకు తెచ్చారు. పాత బియ్యానికైతే ఎక్కువ ధర ఇస్తాం, అది వేరే సంగతి.

ఇప్పుడు ఐ7 మోజు కాస్త తగ్గి ఏఐ మొదలైంది. "ఇప్పుడంతా ఏఐ సార్, అది లేకపోతే రెండేళ్లలో వేస్టయిపోద్ది" అని మొన్న ఒక కుర్రాడు నా మొహం మీదే అన్నాడు. ఆ ఏఐ ఏం చేస్తుంది బాబూ అంటే కీబోర్డు మీద ఒక కొత్త మీట చూపించాడు. 2024 మేలో 'కోపైలట్ ప్లస్ పీసీ' అని ఒక తరగతిని ప్రకటించారు. సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక చిప్, 16 జీబీ ర్యామ్ ఉంటేనే ఆ ముద్ర. దానితోపాటు తెచ్చిన ఘనకార్యం పేరు 'రీకాల్'. మన తెర మీద కనిపించేదాన్ని మాటిమాటికీ ఫొటో తీసి దాచి, తర్వాత వెతికిపెడుతుంది. భద్రతా నిపుణులు లబోదిబోమనేసరికి వెనక్కి తీసుకుని, మరమ్మతులు చేసి మళ్లీ తెచ్చారు. మన గదిలో మనల్ని చూస్తూ కూర్చునేవాడికి జీతం మనమే ఇవ్వడమన్నమాట. మాస్టారికి కావాల్సిన ఏఐ ఏదైనా ఉంటే, తెలుగులోకి తర్జుమా అయినా ఇంకోటైనా, ఇంటర్నెట్ ఉన్న ఏ పాత సిస్టమ్‌లోనైనా బ్రౌజర్‌లో దొరుకుతుంది. ఆ లెక్కలు చేసేది ఎక్కడో ఉన్న డేటా సెంటర్, మన బల్ల మీది డబ్బా కాదు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ డేటా సెంటర్లే ఇప్పుడు మన ర్యామ్ మింగేస్తున్నాయి. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధర నిచ్చెన వేసుకుని ఎక్కింది. ఏఐ కోసం పెద్ద కంపెనీలు మెమరీ చిప్పులు గంపగుత్తగా కొంటుంటే, మనలాంటి చిల్లర గిరాకీ ఎవరికి కావాలి? మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో, మనలాంటివాళ్లకు ర్యామూ ఎస్ఎస్‌డీ అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి మాస్టారి డబ్బాలో ఉన్న 8 జీబీ మీద దుమ్మున్నా అది ఆస్తే. దాన్ని వెయ్యికో రెండు వేలకో ఎక్స్ఛేంజ్‌లో పట్టుకుపోయేవాడిని నేనైతే ఇంటికి రానివ్వను.

"అది కాదయ్యా, స్లోగా ఉంటోంది కదా" అన్నారు మాస్టారు. ఆ మాట నిజమే. కానీ ప్రాసెసర్ దానికి దోషి కాదు, హార్డ్ డిస్కు దోషి. లోపల పళ్లెం గిరగిరా తిరుగుతుంటే సూది ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి వెతకాలి. గ్రామఫోను బతుకు అది. మామూలుగా సెకనుకు నూరు, రెండొందల ఎంబీలకు మించి ఇవ్వలేదు, అదీ వరసగా చదివితేనే. చిన్నచిన్న ఫైళ్లు వెతకాల్సొస్తే ఇంకా నీరసిస్తుంది. దాని బదులు పెట్టే ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు. మామూలు సాటా రకం కూడా సెకనుకు అయిదొందల ఎంబీలు ఇస్తుంది, వెతుకులాటలో అయితే హార్డ్ డిస్కుతో పోలికే లేదు. మాస్టారికి 256 జీబీది ఒకటి తెచ్చి దాంట్లో సిస్టమ్ ఎక్కించి, పాత డిస్కును ఫొటోలకు పక్కన ఉంచాను. మునుపు స్విచ్ నొక్కి కాఫీ తాగి వచ్చేవారు. ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకునేలోపే తెర సిద్ధం. ఈ ఒక్క పని ఎన్ని ఇళ్లలో చేయొచ్చో! కానీ ఏ కొట్టువాడూ చెప్పడు, ఎందుకంటే ఆ పనికి వాడికి మిగిలేది టీ ఖర్చు.

ఇక్కడ నా వాదనకు అడ్డుపడే సంగతి ఒకటుంది, దాచను. విండోస్ పదకొండు రాదు కాబట్టి లైనక్స్ వేసెయ్యండి అని చెప్పే ఉత్సాహవంతులు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణే. మింట్ అనేది వేస్తే విండోస్‌కు అలవాటుపడ్డ కన్నుకు పెద్ద తేడా తెలియదు, ఉచితం, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్లుగా లైనక్స్ మీదే చదువుకుంటున్నారు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో దీని కోసం ఎప్పట్నుంచో కష్టపడుతున్నారు. కానీ మాస్టారి వ్యాఖ్యానంలో సగం డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్‌తో కొట్టిచ్చిన ఫైళ్లు. అవి యూనికోడ్ కావు. లైనక్స్‌లో తెరిస్తే అక్షరాల బదులు చీమల బారు కనిపిస్తుంది. పైగా ఆయన ప్రింటర్ కేనన్ ఎల్‌బీపీ 2900, మన దేశంలో ప్రతి జిరాక్స్ కొట్లో ఉండేది. లైనక్స్‌తో దానికి ఉప్పూనిప్పూ. కాబట్టి ఆయనకు విండోస్ పదినే ఉంచి, ఖాతా తెరిచి, ఆ అదనపు అప్‌డేట్లకు నమోదు చేశాను. నా సొంత సిస్టమ్‌లో మాత్రం మింట్ వేసుకున్నాను. ఆ గడువు ముగిశాక మాస్టారి సిస్టమ్‌ను నెట్టు నుంచి విడదీసి, రాతపనికి ఉంచుకోవాలని మా ఇద్దరి ఒప్పందం.

నిజంగానే పోయిన సిస్టమ్‌లు ఉంటాయి, వాటి సంగతి వేరు. బోర్డు కాలిపోయిందనో, మరీ 2010 నాటిదనో తేలితే పట్టుకు వేలాడమని నేననను. అప్పుడైనా సరే, మానిటర్, కీబోర్డు, యూపీఎస్ బాగుంటే వాటిని వదలకండి. ఒక్క డబ్బా మారితే చాలు. నా మటుకు నేను సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారు లాంటి చోట, ఆఫీసుల నుంచి లీజు తీరి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్ వెతుకుతాను. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అనే పేర్లు వెనక రాసుంటాయి. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే విండోస్ పదకొండూ నడుస్తుంది, ఇంటి పనులన్నీ నడుస్తాయి. ఆఫీసు యంత్రాలు మొరటువి, గట్టివి, లైట్లు మిణుకుమనవు. బిల్లు రాయించుకోండి, వారంటీ ఎన్ని నెలలో ఆ బిల్లు మీదే రాయించుకోండి, అక్కడే ఆన్ చేయించి ప్రాసెసర్ పేరు కళ్లారా చదవండి. కొత్తదే కావాలంటే ఎన్100 లాంటి చిప్‌తో అరచేతిలో పట్టే మినీ పీసీలున్నాయి. కరెంటు పోయే ఊరైతే లాప్‌టాపే మేలు, కానీ ర్యామూ స్టోరేజీ బోర్డుకే అతికించి ఉన్నవాటి జోలికి పోకండి. మరీ ముఖ్యంగా 64 జీబీ ఈఎంఎంసీ అని చిన్నక్షరాల్లో ఉండే చవక సరుకు. విండోస్ ఒక పెద్ద అప్‌డేట్ దించుకోవాలంటే అందులో చోటుండదు, మార్చడానికీ వీలుండదు.

డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న బిడ్డలకు ఒక మాట. అమ్మానాన్నలకు ఏదో ఒకటి కొనివ్వాలన్న మీ ఆరాటం నాకు తెలుసు. దూరాన ఉన్నవాళ్లకు ప్రేమ చూపించే దారులు తక్కువ, అందులో పార్సిల్ ఒకటి. కానీ ఎనభై అయిదు వేల లాప్‌టాప్ వచ్చిన రోజు మీ నాన్నగారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, పాడైపోతుందన్న భయంతో. వాడేది ఆ పాతదే. దాని బదులు ఓ ఆదివారం వీడియో కాల్‌లో ఆ పాత డబ్బా మూత విప్పించండి. దుమ్ము దులిపించండి. ఆయన చేతే రబ్బరు పట్టించండి. మాస్టారి కొడుక్కి ఇదే చెప్పాను. అలిగాడు కాసేపు. తర్వాత ఎస్ఎస్‌డీ డబ్బులు పంపాడు.

పారేసినవి ఎక్కడికి పోతాయో కూడా ఒక్క క్షణం చూడండి. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క తేల్చాయి. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది 22.3 శాతానికే. మిగతాదాంట్లో ఎంతో భాగం తోపుడుబండ్ల మీదా, చెత్తకుప్పల దగ్గర రాగి కోసం తీగలు కాల్చుకునే పిల్లల చేతుల్లోనూ ఉంటుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి, తయారు చేసినవాడే బాధ్యుడని అవి చెబుతున్నాయి. అలాంటప్పుడు నడుస్తున్న యంత్రాన్ని ఒక తేదీతో చెత్త చేసినవాడి బాధ్యత ఎవరు రాసుకోవాలి?

ఇంకో వారంలో మీ ఇంట్లో కూడా తెర మీద ఆ నీలం బొమ్మ రావచ్చు, లేదా మీ పిల్లలు "ఇది వేస్ట్ నాన్నా" అనవచ్చు. ఆ వారం రోజులూ ఒక కాగితం దగ్గర పెట్టుకుని, ఇంట్లో ఎవరు కంప్యూటర్‌తో ఏ పని చేశారో రాయండి. అదే కాగితం పట్టుకుని కొట్టుకు వెళ్లండి. అది చదివి కూడా ఐ7 అన్నవాడికి నమస్కారం పెట్టి, మెట్లు దిగి వచ్చేయండి.